అటక దింపిన వాల్వు రేడియో: ప్లగ్గు పెట్టే ముందు, పెట్టాక

ఏళ్ల తరబడి అటక మీద పడి ఉన్న మర్ఫీనో ఫిలిప్సో దింపి దుమ్ము దులపగానే ఇంట్లో ఎవరో ఒకరు అననే అంటారు: "ఒక్కసారి ప్లగ్గు పెట్టి చూద్దామండీ, పలుకుతుందేమో." ఒక్కోసారి పలుకుతుంది కూడా. పది నిమిషాలు పలుకుతుంది, మైనం కాలుతున్న వాసన వస్తుంది, ఆ తర్వాత మూగబోతుంది. ఆ పది నిమిషాల్లో పోయేవి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్. రెండూ ఇప్పుడు కొందామంటే దొరకనివి. వాటిని చంపేదేమో వేలెడంత కూడా లేని కాగితం కండెన్సర్, అంటే డీసీని ఆపి సిగ్నల్‌ని మాత్రం దాటించాల్సిన చిన్న భాగం.

ధవళేశ్వరం దిగువన ఈ బెడద ఇంకా ఎక్కువ. కాలవలు, వరి చేలు, చెరువులు, ఆ పైన సముద్రం గాలి. కాగితం, మైనం, పత్తి, పలచటి రాగి తీగ, అన్నీ తేమను పీల్చి పెట్టుకుంటాయి. అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు సెట్లలో వాల్వులు, అంటే ట్రాన్సిస్టర్ల పని చేసే గాజు బుడ్లు, సాధారణంగా బాగానే ఉంటాయి, ఎందుకంటే గాజులోకి తేమ పోదు. పాడయ్యేది వాటి చుట్టూ ఉన్నదంతా. అందుకని ఇక్కడ వరస ఇలా ఉండాలి: ఆరబెట్టడం, కొలవడం, కండెన్సర్లు మార్చడం, ఆ తర్వాతే కరెంటు.

ముందు సెట్టు ఏ రకమో తేల్చండి

వెనక అట్ట విప్పి వాల్వుల పేర్లు చదవండి. మొదటి అక్షరమే సగం సంగతి చెప్పేస్తుంది. ఈసీహెచ్81, ఈబీఎఫ్89, ఈఎల్84, ఈజెడ్80 లాగా "ఈ"తో మొదలైతే హీటరు (వాల్వు లోపలి వేడి తీగ) 6.3 వోల్టులది, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఏసీ సెట్టు. 6వీ6, 6ఎక్స్5 లాంటి లావుపాటి ఎనిమిది కాళ్ల వాల్వులున్నా దాదాపు అంతే. "డీ"తో మొదలైతే, అంటే డీకే96, డీఎల్96 లాంటివైతే, అది కరెంటు లేని ఊళ్లలో 90 వోల్టుల డ్రై బ్యాటరీతో నడిచిన సెట్టు.

"యూ"తో మొదలైతే ఆగండి. యూసీహెచ్81, యూబీఎఫ్89, యూసీఎల్82, యూవై85 ఉన్నది ఏసీ/డీసీ సెట్టు. ఇందులో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, కరెంటు తీగ ఒకటి నేరుగా ఛాసిస్‌కే (భాగాలన్నీ బిగించిన లోహపు పళ్లేనికే) తగిలి ఉంటుంది. ప్లగ్గు అటూ ఇటూ తిరగేస్తే ఛాసిస్ మొత్తానికి 230 వోల్టులు వస్తాయి. ఛాసిస్‌కి న్యూట్రల్ వచ్చేలా ప్లగ్గు పెట్టినా నిశ్చింత లేదు. సెట్టు స్విచ్చి ఆ న్యూట్రల్ తీగలోనే ఉంటే, స్విచ్చి ఆపగానే వాల్వుల హీటర్ల గుండా ఛాసిస్ లైవ్ అవుతుంది. నాబు లోపలి స్క్రూ మీద మైనం పోసి మూసింది ఇందుకే. మీకిది మొదటి రేడియో అయితే యూ సెట్టును పక్కన పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్ సెట్టుతో మొదలుపెట్టండి. చేసి తీరాలంటే 230కి 230, 100 వీఏ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (సెట్టుకి లైనుతో నేరు సంబంధం లేకుండా చేసేది) కొన్నాకే. ఇంట్లో లీకేజీ వస్తే లైను తెంచే ఆర్‌సీసీబీ ఉంది కదా అనుకోవద్దు, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అవతలి వైపు అది పనిచేయదు.

కావలసినవి

డిజిటల్ మల్టీమీటరు, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, ఛాసిస్‌కి అతికించిన చోట్లకు 60 వాట్లదొకటి, 60/40 సోల్డరు, ఐసోప్రొపైల్ ఆల్కహాలు, కాంటాక్ట్ క్లీనరు, మెత్తటి పెయింటు బ్రష్షులు రెండు. సెట్టుకి వెళ్లే కరెంటు బల్బు గుండానే పోయేలా కట్టిన సీరీస్ బోర్డు ఒకటి: అందులో 60 వాట్లు, 100 వాట్ల ఫిలమెంటు బల్బులు. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు.

ఐదు వాల్వుల సెట్టుకి 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్లు 0.01, 0.022, 0.047, 0.1 మైక్రోఫారడ్‌లలో తలా ఐదు తెచ్చుకుంటే సరిపోతుంది. ఎలక్ట్రోలిటిక్‌లు: 47 మైక్రోఫారడ్ 450 వోల్టులవి రెండు, 50 వోల్టులవి రెండు. ఒక వాటు రెసిస్టర్లు 150 ఓమ్‌లు, 47 కే, 100 కే, 220 కే, 470 కే, 1 మెగ్, 10 మెగ్. ఇంకా 4.7 కే, 5 వాట్ల రెసిస్టరుకి ఇన్సులేషన్ ఉన్న తీగలు, క్లిప్పులు బిగించి ఒకటి సిద్ధంగా ఉంచండి. ఆపిన సెట్టులో నిలిచిపోయిన 250, 300 వోల్టుల్ని దించేది ఇదే. చెయ్యి పెట్టే ప్రతిసారీ ఫిల్టరు కండెన్సరుకి (డీసీని నునుపు చేసే పెద్ద ఎలక్ట్రోలిటిక్‌కి) అడ్డంగా ఐదు సెకన్లు పట్టి, మీటరుతో సున్నా చూసుకున్నాకే వేలు పెట్టాలి.

ఒండ్రు, చిలుము, ఎలుకలు

దేన్నీ కదపక ముందు ఫోనుతో అన్ని వైపులా ఫొటోలు తీయండి. డయల్ తాడు ఏ చక్రం మీద ఎన్ని చుట్లు తిరిగిందో కాగితం మీద బొమ్మ వేసుకోండి. తాడు తెగాక ఆ బొమ్మ లేకపోతే ఒక ఆదివారం పోతుంది.

వాల్వులు తీసి, ఏ సాకెట్టుది ఏదో రాసి పెట్టుకోండి. వాల్వు గాజు మీది అంకెలు చేత్తో రుద్దితే చెరిగిపోతాయి, అక్కడ మాత్రం తుడవకండి. గాజు పైభాగంలో వెండి రంగు పూత కనపడాలి. అది పాలలా తెల్లబడితే లోపలికి గాలి వెళ్లినట్టు. అలాంటి వాల్వుకి చికిత్స లేదు.

ఛాసిస్ మీది దుమ్ము పొడి బ్రష్షుతోనే తీయాలి. ఎలుక గూడు పెట్టిన చోట మూత్రం పడి తీగలు, కాళ్లు ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంటాయి. ఆల్కహాలుతో తుడిచి, చిలుము తిన్న తీగను కోసి కొత్తది వేయండి. రబ్బరు తొడుగు తీగలు ముట్టుకుంటే అప్పడంలా విరిగి రాలుతుంటే స్లీవు తొడిగే బదులు తీగే మార్చడం మేలు.

1986 ఆగస్టు వరదలోనో 1996 నవంబరు తుఫానులోనో మునిగిన సెట్టయితే లోపల ఒండ్రు పేరుకుని ఉంటుంది. ఈ మట్టి ఎండినట్టు కనిపిస్తుంది గానీ వానాకాలం రాగానే మళ్లీ తేమ పీలుస్తుంది. ఉప్పునీరు తగిలిందైతే ఇంకా చెడ్డ. వాల్వులు, స్పీకరు, డయల్ గాజు, ట్రాన్స్‌ఫార్మర్లు విప్పి పక్కన పెట్టి, మిగిలిన ఛాసిస్‌ని ఆర్‌వో నీళ్లతో బ్రష్షు పెట్టి కడగండి, వెంటనే ఆల్కహాలుతో మరోసారి. బోరు నీళ్లు వద్దు, ఉన్న ఉప్పు చాలు.

ఆరబెట్టడానికి రోహిణి కార్తె ఎండ పనికొస్తుందనుకుంటారు. ఐఎఫ్ (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ) కాయిళ్ల మైనం కరిగిపోతుంది, చెక్కపెట్టె వినీరు లేస్తుంది. పెద్ద అట్టపెట్టెలో 40 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టి, పైన రెండు కన్నాలు చేసి, ఛాసిస్‌ని బల్బుకి జానెడు దూరంలో రెండు మూడు రోజులు ఉంచండి. లోపల 50 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. నీళ్లు తాగిన మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌కి మాత్రం ఇది చాలదు. దాన్ని మోటారు వైండింగ్ షాపుకి పట్టుకెళ్లండి. పంపుసెట్ల, రొయ్యల చెరువు ఏరేటర్ల మోటార్లు చుట్టే షాపు లేని పట్నం ఈ రెండు గోదావరుల మధ్య ఉండదు. వాళ్ల దగ్గర ఇన్సులేషన్ కొలిచే మెగ్గరు, వార్నీషు రెండూ ఉంటాయి. 500 వోల్టుల మెగ్గరుతో వైండింగుకీ కోరుకీ మధ్య 20 మెగోమ్‌లు దాటితే వాడుకోవచ్చు. 2 దగ్గర ఆగితే వేడిచేసి, వార్నీషు పోయించి, మళ్లీ ఆరబెట్టించాలి.

కరెంటు లేకుండా మీటరుతో

మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ 20 నుంచి 50 ఓమ్‌లు చూపాలి. హెచ్‌టీ (హై టెన్షన్) వైండింగ్ మధ్య నుంచి చెరో వైపు 150 నుంచి 300. రెండు వైపులా దాదాపు సమానంగా ఉండటం ముఖ్యం. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ 300 నుంచి 600, సెకండరీ ఒక ఓమ్ కన్నా తక్కువ. ఐఎఫ్ కాయిళ్లు 5 నుంచి 15. మీ సెట్టు సర్వీస్ షీటు దొరికితే అందులోని లెక్కే ప్రమాణం.

కోనసీమ సెట్లలో ఎక్కువగా ఓపెన్ అయ్యేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ. తల వెంట్రుకంత తీగ, దాని మీద ఎప్పుడూ 250 వోల్టులు, చుట్టూ తేమ. ఇంకేం కావాలి, ఒక్క చిలుము చుక్క చాలు. తీగ తరచు పైకి వచ్చే చివరలోనే తెగుతుంది. కాగితం మెల్లగా విప్పి మొదటి చుట్టు వెతికి అతికిస్తే కొన్ని బతుకుతాయి. లేకపోతే అవుట్‌పుట్ వాల్వు ఈఎల్84కి 5 కే ప్రైమరీ, స్పీకరుకి సరిపోయే సెకండరీ అని చెప్పి కొత్తది చుట్టించాలి.

వోల్టేజి సెలెక్టరు 110 దగ్గరో 200 దగ్గరో ఉందేమో చూడండి. ఇప్పటి లైనుకి 240 ట్యాపే మంచిది, రాత్రి లోడు తగ్గాక కొన్ని పల్లెల్లో 245 దాకా పోతుంది. పాత రెండు తీగల వైరు తీసేసి మూడు తీగలది వేసి, ఏసీ సెట్టు అయితేనే ఎర్తు ఛాసిస్‌కి బిగించండి. ఫేజులో 500 మిల్లీ ఆంపియర్ల స్లో ఫ్యూజు ఒకటి. మెయిన్స్ నుంచి ఛాసిస్‌కి ఉన్న పాత కండెన్సరు తీసి పారేయండి. అది కావాలనుకుంటే మెయిన్స్ మీద వాడటానికే చేసిన వై2 తరగతిదే వేయాలి, వేరేది ప్రమాదం.

కండెన్సర్లు: అసలు పని ఇక్కడే

మైనం పూసినవి, నల్లటి తారు పూసినవి, కాగితం చుట్టిన గొట్టాల్లాంటివి, అన్నీ మార్చండి. పరీక్షించి బాగున్నవి ఉంచుదామన్న ఆశ వద్దు. ఐదు వాల్వుల సెట్టులో పన్నెండు పదిహేను ఉంటాయి. ఒకటి తీసి, దాని బదులు కొత్తది వేసి, షీటు మీద టిక్కు పెట్టి, అప్పుడు రెండోది. అన్నీ ఒకేసారి కోసేస్తే ఏది ఎక్కడిదో తెలియక తల పట్టుకుంటారు. పలకల్లాంటి మైకా కండెన్సర్లు, సిరామిక్‌వి, ఆవపిండి రంగులో ఉండే ఫిలిప్స్ పాలిస్టర్‌వి కదపకండి.

అన్నిటికన్నా ముందు మార్చాల్సింది మొదటి ఆడియో వాల్వు ఈబీసీ81 ప్లేటు నుంచి ఈఎల్84 గ్రిడ్డుకి (వాల్వు కరెంటుని అదుపు చేసే జల్లెడకి), అంటే రెండో కాలికి, వెళ్లే కప్లింగ్ కండెన్సరు. సాధారణంగా 0.01 లేదా 0.022. దీని గొడవ ఏమిటో ఒక లెక్కతో చూడండి. ఒక వైపు 80 వోల్టులు. ఆరోగ్యంగా ఉంటే రెండో వైపు డీసీ సున్నా. తేమ తాగి 5 మెగోమ్‌లకి పడిపోయిందనుకోండి. గ్రిడ్డు నుంచి ఛాసిస్‌కి 470 కే ఉంది. 80ని 5.47తో భాగించి 0.47తో గుణిస్తే గ్రిడ్డు మీద దాదాపు 7 వోల్టుల ప్లస్ వస్తుంది. ఈఎల్84 నడవాల్సింది కేథోడుతో పోలిస్తే గ్రిడ్డు 7 వోల్టుల మైనస్‌లో ఉన్నప్పుడు. ఆ మైనస్సు కరిగిపోతే వాల్వు అదుపు లేకుండా కరెంటు లాగుతుంది, ప్లేటు ఎర్రబడుతుంది, తర్వాత అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది, తర్వాత ఏసీని డీసీ చేసే రెక్టిఫయరు వాల్వు ఈజెడ్80. మొదట చెప్పిన పది నిమిషాల కథ ఇదే. మామూలు మీటరు ఓమ్‌ల పరీక్షలో ఈ కండెన్సరు బాగున్నట్టే కనిపించవచ్చు, ఎందుకంటే మీటరు ఇచ్చేది రెండు మూడు వోల్టులే.

ఫిల్టరు కండెన్సర్ల డబ్బాని అలంకారానికి పైన ఉంచి, తీగలు విప్పేసి, కొత్త 47 మైక్రోఫారడ్‌వి ఛాసిస్ కింద బిగించండి. పాతదానికి పక్కన కలపడం తప్పు, అది లీకవుతూనే ఉంటుంది. హమ్ము తగ్గుతుందని 100, 220 వేసేవారున్నారు. ఈజెడ్80కి మొదటి ఫిల్టరులో 50 మైక్రోఫారడ్‌లే గరిష్ఠం, అంతకు మించితే ప్రతి సైకిల్లో లాగే కరెంటు పెరిగి రెక్టిఫయరు ఆయుష్షు పోతుంది.

రెసిస్టర్లు ఒక కాలు విప్పి కొలవండి. పాత కార్బన్‌వి వయసుతో పెరుగుతాయి: 220 కే అని రాసి ఉన్నది 350 చూపడం మామూలే. 20 శాతం దాటితే మార్చేయడమే.

మొదటి కరెంటు

వాల్వులేవీ పెట్టకుండా 60 వాట్ల సీరీస్ బల్బు మీద పెట్టండి. బల్బు వెలగకపోవాలి, మహా అయితే ఫిలమెంటు కాస్త ఎర్రగా. బాగా వెలిగితే ట్రాన్స్‌ఫార్మర్‌లో షార్టు, అక్కడితో ఆపండి. అరగంట ఉంచి ట్రాన్స్‌ఫార్మర్‌ని ప్లగ్గు తీశాక ముట్టుకోండి, గోరువెచ్చగా ఉండాలి.

తర్వాత ఈజెడ్80 తప్ప మిగతా వాల్వులు. బల్బు ఒక్కసారి వెలిగి, హీటర్లు వేడెక్కే కొద్దీ మసకబారాలి. చివర ఈజెడ్80. స్పీకరు కచ్చితంగా కలిపి ఉండాలి. సగం వెలుతురులో నిలిచి, నిమిషంలో స్పీకరులో సన్నటి గుసగుస వినపడితే 100 వాట్ల బల్బుకి మారి, ఆనక నేరుగా లైనుకి. బల్బు మసకబారి మళ్లీ మెల్లగా ప్రకాశం పెరుగుతుంటే వెంటనే ఆపాలి. ఏదో ఫిల్టరు లీకు, లేదా ఈఎల్84 ఎర్రబడుతోంది.

లైను మీద ఉండగా ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, మీటరు మైనస్ క్లిప్పు ఛాసిస్‌కి కరిపించి కొలవండి. ఈజెడ్80 మూడో కాలు 250 నుంచి 280. ఈఎల్84 ఏడో కాలు దానికి పది ఇరవై తక్కువ. ఈసీహెచ్81, ఈబీఎఫ్89 స్క్రీన్లు 80 నుంచి 100. వీటిలో 20 శాతం అటూ ఇటూ అయినా బెంగ లేదు. ఈఎల్84 మూడో కాలి దగ్గర 150 ఓమ్‌ల మీద 7.5 వోల్టులుంటే 50 మిల్లీ ఆంపియర్లన్నమాట, అది సరైన లెక్క. 10 దాటితే ఆపి వెతకండి. రెండో కాలు సున్నా ఉండాలి. కొత్త కండెన్సరు వేశాక కూడా పావుగంటలో అర వోల్టు ప్లస్సు పాకిందంటే తప్పు వాల్వుదే. దాని బదులు రష్యా 6పీ14పీ నేరుగా సరిపోతుంది. బెంగళూరు బీఈఎల్ వాల్వులు పాత మెకానిక్కుల డబ్బాల్లో ఇంకా తగులుతుంటాయి, అడగడంలో తప్పులేదు.

పలకకపోతే

ముందు వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలిని స్క్రూడ్రైవరు ఇనుప కొసతో ముట్టుకోండి, చెయ్యి ప్లాస్టిక్ పిడి మీద ఉండాలి, సెట్టు ఏసీదై ఉండాలి. స్పీకరులో బుర్రుమంటే అక్కణ్ణుంచి చివరిదాకా బాగున్నట్టు, జబ్బు ముందు భాగంలో ఉంది.

ముందు భాగంలో తరచు ఆగేది ఆసిలేటరు, అంటే స్టేషన్‌తో కలిపి ఐఎఫ్ తెప్పించడానికి సెట్టు లోపలే సిగ్నల్ పుట్టించే భాగం. దాన్ని పట్టడానికి జేబు ట్రాన్సిస్టరు రేడియో చాలు. వాల్వు సెట్టు డయల్‌ని విజయవాడ 837 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టండి. ఐఎఫ్ 455 అయితే లోపలి ఆసిలేటరు 837కి 455 కలిపి 1292 దగ్గర పాడుతుండాలి. ట్రాన్సిస్టరుని పక్కన పెట్టి 1292 చుట్టూ తిప్పండి. ఒక చోట గరగర అంతా ఒక్కసారి అణిగి నిశ్శబ్దం వస్తుంది, వాల్వు సెట్టు నాబు కాస్త కదిపితే ఆ నిశ్శబ్దం కూడా జరుగుతుంది. జరిగితే ఆసిలేటరు బతికే ఉంది. లేకపోతే ఈసీహెచ్81, దాని ఆసిలేటరు ప్లేటు రెసిస్టరు, బ్యాండ్ స్విచ్చి కాంటాక్టులు, ఈ వరసలో చూడండి.

బ్యాండ్ స్విచ్చి కాంటాక్టుల మీద క్లీనరు ఒక్క చుక్క బ్రష్షుతో అద్దాలి. స్ప్రే డబ్బాతో తడిపేస్తే స్విచ్చి పలక ఆ ద్రవాన్ని పీల్చి తానే లీకవుతుంది. స్టేషన్ మారుస్తుంటే కరకరమంటే స్టేషన్లు మార్చే రెక్కల గ్యాంగ్ కండెన్సరు ఇరుసుని ఛాసిస్‌కి కలిపే స్ప్రింగు మురికి పట్టిందని అర్థం. రెక్కలు వంచకండి.

ట్యూనింగ్ సరిచేయడం

స్టేషన్లు వస్తున్నాయంటే ఐఎఫ్ కోర్లు ముట్టుకోకపోవడమే తెలివి. ఎవరో ముందే తిప్పేశారని గట్టి అనుమానం ఉంటే తప్ప. తిప్పాల్సి వస్తే ప్లాస్టిక్ పుల్లగానీ చెక్కిన వెదురు బద్దగానీ వాడండి. ఇనుప స్క్రూడ్రైవరు ట్యూనింగునే మార్చేస్తుంది, బిగుసుకున్న ఫెరైట్ కోరుని పగలగొడుతుంది. సర్వీస్ షీటులో ఐఎఫ్ ఎంతో చూసుకోండి, 455 అని ఊహించకండి. 452, 470 వాడిన సెట్లూ ఉన్నాయి. సిగ్నల్ జనరేటరు నుంచి 0.01 మైక్రోఫారడ్ గుండా మిక్సరు (ఈసీహెచ్81) గ్రిడ్డుకి ఇచ్చి, వినపడీ వినపడనంత తక్కువ సిగ్నలుతో, రెండో ఐఎఫ్ నుంచి వెనక్కి మొదటిదానికి రండి. ఆ తర్వాత మీడియం వేవ్‌లో 600 దగ్గర ఆసిలేటరు కోరు, 1400 దగ్గర ట్రిమ్మరు. ఒకటి దిద్దితే రెండోది చెదురుతుంది, మూడు నాలుగు సార్లు తిరగాలి.

డయల్ మీద మీటర్లు మాత్రమే ఉంటే 3,00,000ని ఆ అంకెతో భాగిస్తే కిలోహెర్ట్జ్. విజయవాడ 358 మీటర్లు, విశాఖ 927 కనుక 323, హైదరాబాద్ 738 కనుక 406. పాత డయల్ మీద అచ్చయిన ఊరి పేరు దగ్గర ఆ ఊరు సరిగ్గా పడకపోతే సెట్టుని తప్పు పట్టకండి. 1978 నవంబరు 23 నుంచి మన ప్రాంతపు మీడియం వేవ్ స్టేషన్లు 9 కిలోహెర్ట్జ్ గుణిజాలకి మారాయి, చాలా గాజులు అంతకు ముందువి.

డయల్, పెట్టె

డయల్ గాజు మీది అక్షరాలు వెనక వైపు వేసిన రంగు. ఆ వైపు తడి గుడ్డ పెట్టారో ఊళ్ల పేర్లన్నీ గుడ్డకి వచ్చేస్తాయి. ముందు వైపు తుడవండి, వెనక పొడి బ్రష్షు మాత్రమే. డయల్ తాడుకి వల అల్లే నైలాన్ దారంలో అల్లిక దారం బాగుంటుంది. గాలం వేసే ఒంటి తీగ జారుతుంది, సాగుతుంది. ట్యూనింగ్ ఇరుసు మీద రెండున్నర లేదా మూడు చుట్లు, స్ప్రింగు సగం సాగేంత బిగువు.

స్పీకరు కోన్ చిరిగితే పలచటి టిష్యూ కాగితాన్ని సగం నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో రెండు వైపులా అద్దండి. చెక్క వినీరు లేచిన చోట అదే జిగురు నీళ్లు కలపకుండా సిరంజితో ఎక్కించి, పైన ప్లాస్టిక్ కాగితం, దాని మీద చదునైన చెక్క, ఆ మీద సన్నికల్లు, ఒక రోజంతా. లక్క పాలిష్ లీటరు స్పిరిట్టుకి 250 గ్రాములు కలిపి పలచటి పూతలుగా వేయాలి. వానాకాలంలో వేస్తే తేమ పట్టి తెల్లటి మబ్బు కమ్ముతుంది. సంక్రాంతి వెళ్లాక మార్చి లోపల, మంచు పూర్తిగా విడిచాక పదకొండు గంటల నుంచి మూడింటి దాకా ఈ పనికి అనువైన వేళ.

ఏరియల్, ఎర్త్

పది పదిహేను మీటర్ల తీగ చాలు. రెండు కొబ్బరి చెట్ల మధ్య బిగించి కడితే మొదటి గాలివానకే తెగుతుంది. ఒక కొసన చిన్న కప్పీ, దాని మీదుగా ఇటుక బరువు వేలాడదీస్తే చెట్టు ఊగినా తీగ ఊగదు. కరెంటు తీగల కింద, పక్కన వద్దు. ఎర్త్‌కి మాత్రం డెల్టా వాళ్లు అదృష్టవంతులు. రెండు మీటర్ల రాడ్డు దిగ్గొడితే చాలాచోట్ల తడి నేలే తగులుతుంది. యూ సెట్టుకి ఛాసిస్ మీద ఎర్త్ ఎప్పుడూ పెట్టకూడదు, ఏరియల్ కూడా 1000 పికోఫారడ్ వై తరగతి కండెన్సరు గుండానే రావాలి.

సాయంత్రం గర్రుమనే రొద వస్తే సెట్టు విప్పేముందు ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు, ఇన్వర్టరు ఒక్కొక్కటే ఆపి చూడండి. అప్పటికీ ఉంటే పక్క చెరువు ఏరేటరు డ్రైవుదై ఉండవచ్చు, దానికి ఏరియల్‌ని దూరం జరపడమే మందు.

వానాకాలంలో వారానికి రెండుసార్లు గంట చొప్పున నడిపితే వాల్వుల వేడికే లోపలి తేమ పోతుంది. ఉరుము వినపడగానే ఏరియల్ పీకి బయట ఎర్త్‌కి కలిపి, ప్లగ్గు తీసేయండి.